మాగిన ఊరికి దారి

మా పాపకి ఆయాసం ఉంది. పక్కింటివాళ్ళు గోడలకి రంగు వేయించినా, వీధిలో ఎవరైనా చెత్త తగలబెట్టినా, ఆ సాయంత్రానికల్లా దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. మొన్న ముక్కుకీ నోటికీ కలిపి మాస్కు పెట్టి మందు పట్టిస్తుంటే, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని ఏదో బొమ్మల కథ చూస్తోంది. అందులో మేఘాల మీద కట్టిన ఊరొకటి ఉంది. అక్కడి పిల్లలు ఎంత పరిగెత్తినా అలిసిపోరు. పాప మాస్కు కాస్త పక్కకి జరిపి, "అమ్మా, మనం ఈ ఊరికి ఎప్పుడు మారదాం?" అంది.

మాకు అద్దె ఇళ్ళు మారడం అలవాటు. దాని దృష్టిలో ఊరు మారడమంటే సామాన్లు ట్రాలీ ఆటోలో వేసుకోవడం, కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టించుకోవడం. అందుకే అంత మామూలుగా అడిగింది.

అలాంటి ఊరు లేదని చెప్పబోయాను. మాట రాలేదు. పోనీ ఉందని చెబుదామంటే అదీ రాలేదు. "ముందు మాస్కు సరిగ్గా పెట్టుకో" అన్నాను.

తర్వాత ఈ సంగతి చెబితే మా ఆయన నవ్వి, "పిల్లలు అడుగుతూనే ఉంటారు, ఏదో ఒకటి చెప్పెయ్" అన్నారు. ఆయన పెరిగిన ఇంట్లో అలా సరిపోయేదేమో. మా ఇంట్లో కూడా ఒకసారి ఏదో ఒకటి చెప్పారు. అది ఎంతవరకు వెళ్ళిందో చూసినదాన్ని కనుక నాకు నిద్ర పట్టడం లేదు. ఇద్దరూ పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది రెడ్డిగూడెం దాటాక, రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలే ఉన్న ఊరు. మా తాతయ్యకీ ఒక తోట ఉండేది. తోట మాదే కాని, పూత నిండుగా వచ్చిందంటే ఇక మాది కాదు. కాయ కనబడకముందే, పూత చూసి కాపంతా వ్యాపారికి అమ్మేసేవాళ్ళు. ఆ రోజు నుంచి ఆఖరి కాయ దించేవరకు అన్నీ ఆయనవే. మేం మా తోటలోనే పరాయి పిల్లల్లా తిరిగేవాళ్ళం. కింద రాలిన పిందె ముట్టుకున్నా కాపలా తాత, "అమ్మాయిగారూ, అది షావుకారు గారి కాయండీ" అని గుర్తు చేసేవాడు. ఇంటి వెనక ఉన్న చిన్నరసం చెట్టు ఒక్కటే బేరంలో కలిపేవాళ్ళు కాదు. దాన్ని ఇంటి చెట్టు అనేవాళ్ళం. పచ్చళ్ళకీ, చుట్టాలకీ, మా నోళ్ళకీ అదొక్కటే ఆధారం.

ఇంట్లో తాతయ్య, మామ్మ, నాన్న, అమ్మ, నాన్నకి అక్కగారైన మా అత్త, నేను, చెల్లి. అత్త మిషన్ స్కూల్లో టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అనేది. ఇంట్లో అందరికంటే నవ్వించే మనిషి ఆవిడే.

చెల్లికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. గడప నుంచి వాకిట్లో కుళాయి దాకా నడిస్తే చాలు, పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబడేవి. ఊళ్ళో పిల్లలు నిజంగానే అలా అనుకుని, "మాకు పెట్టకుండా తినేశావా" అని దెబ్బలాడేవాళ్ళు. చెల్లి వాళ్ళని నిరాశపరిచేది కాదు. "అయిపోయాయి, రేపు తెస్తాలే" అనేది.

ఆ ఎండాకాలం మొదట్లో అమ్మా నాన్నా దాన్ని విజయవాడ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించి వచ్చారు. కాళ్ళు కడుక్కుంటూ నాన్న తాతయ్యతో, "ఆపరేషన్‌కి ఆలస్యం అయిపోయిందట. ఉన్నన్నాళ్ళు ఏడిపించకుండా చూసుకోమన్నారు" అనడం నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. నాన్న కుళాయి కట్టడం మర్చిపోయి లోపలికి వెళ్ళిపోతే, తాతయ్యే వెళ్ళి కట్టేశారు.

ఆ రోజు నుంచి ఇంట్లో చెల్లిని ఎవరూ కోప్పడలేదు. అది దానికి నచ్చలేదు. "నేనేం చేసినా తిట్టట్లేదేంటక్కా వీళ్ళు?" అని నన్ను అడిగేది.

తిట్టరని తెలిశాక మేం ఆ వీలుని వాడుకున్నాం కూడా. చెల్లి తోటలో ఒక చెట్టు కింద కూలబడి ఆయాసపడేది. కొంత నిజం, కొంత నటన. ఏది ఎంతో నాకూ తెలిసేది కాదు. కాపలా తాత కంగారుగా కుండలో నీళ్ళు ముంచుకొచ్చి, "మెల్లగా తాగండి పాపగారూ, మెల్లగా" అంటూ తువ్వాలుతో విసిరేవాడు. ఆ సందులో నేను అవతలి వరసలో గౌను నిండా కలెక్టరు మామిడికాయలు కోసేదాన్ని. తర్వాత గడ్డివాము వెనక కూర్చుని ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్ళం. "నీళ్ళు మరీ ఎక్కువ తాగించేశాడక్కా, కాయకి చోటు లేదు కడుపులో" అని చెల్లి విసుక్కునేది.

ఆవకాయ కలిపిన రోజున, పచ్చడంతా జాడీలోకి ఎత్తేశాక, బేసిన్‌కి అంటుకున్న ఆవపిండిలో అమ్మ వేడి అన్నం వేసి కలిపి అందరికీ ముద్దలు పెట్టేది. చెల్లికి ఉప్పు తగ్గించమన్నారు కనుక దానిది వెన్న వేసి కలిపిన చిన్న ముద్ద. "చప్పగా ఏడుస్తోంది నా ముద్ద" అనేది చెల్లి. అత్త తన ముద్దలోంచి కాస్త గిల్లి దాని నోట్లో పెట్టేది. అమ్మ చూసీ చూడనట్టు అటు తిరిగేది.

ఇంటి చెట్టు కాయలు మాగబెట్టడానికి పెరట్లో ఒక పెంకుల గది ఉండేది. దానికి కిటికీ లేదు. కింద వరిగడ్డి పరిచి, ఒక వరస కాయలు, ఒక పొర గడ్డి వేసుకుంటూ పోయి, పైన గోనెసంచులు కప్పి తలుపు మూసేవాళ్ళు. వారం పోయాక తలుపు తీస్తే వేడిగాలి ముఖానికి తగిలేది. తీపీ, ఎండుగడ్డీ, ఎక్కడో కొంచెం పులుపూ కలిసిన వాసన. అలాంటిది మళ్ళీ ఎక్కడా నాకు దొరకలేదు. లోపల పెట్టినప్పుడు ఆకుల రంగులో ఉన్న కాయలు, తీసేసరికి పసుపు రంగులో ఉండేవి.

"చీకట్లోనే ఉన్నాయి కదత్తా, రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని చెల్లి అడిగింది ఒకసారి.

అత్త పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తకుండానే, "అవి గదిలో ఎందుకుంటాయే? మనం తలుపెయ్యగానే వాళ్ళ ఊరెళ్ళిపోతాయి. అక్కడ రంగేసుకుని, వాసన పూసుకుని, మనం తలుపు తీసే టైముకి తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు గడ్డిలో పడుకుంటాయి" అంది.

"ఏ ఊరు?"

"మాగిన ఊరు."

చెల్లి ఇక వదలలేదు. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక నడవలో చాపలేసుకుని పడుకోవడం, అది అడగడం, అత్త చెప్పడం. కొన్నాళ్ళు తిరిగేసరికి ఆ ఊరు మాకు మా ఊరికంటే బాగా తెలుసు. అక్కడ అన్నీ మాగిపోయినవే, పచ్చివేవీ ఉండవు. తోటల్ని పూత మీద అమ్మరు. కాయ రాలే ముందు కింద ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, "పడనా?" అని అడిగి పడుతుంది. ఆసుపత్రి ఉంది కాని అది గొడుగులకి. విరిగిన గొడుగుల్ని మంచాల మీద పడుకోబెట్టి ఒక ముసలి డాక్టరు గారు కట్లు కడుతుంటారు. మనుషులకి ఆసుపత్రితో పనిలేదు.

"మరి గుండె బాలేకపోతే?" అంది చెల్లి.

అత్త, "చిక్కంతో దించేస్తారు" అంది. చిక్కమంటే కాయలు దించడానికి గెడ చివర కట్టే చిన్న వల. "దించి, గడ్డిలో పెట్టి మాగనిచ్చి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేస్తారు."

"సొన కారదా?"

"కారదు. తొడిమతో సహా కోస్తారు."

చెల్లి ఊపిరి వదిలింది. కాయ కోసినప్పుడు సొన పడి చర్మం కాలడం దానికి తెలుసు. ఆ ఒక్క అనుమానమూ తీరిపోయింది.

కొన్నాళ్ళకి పెద్దవాళ్ళూ చేరారు. నిద్రపోతున్నట్టే పడుకుని వినేవాళ్ళు. తాతయ్య ఒకసారి కళ్ళు తెరవకుండానే, "ఆ ఊళ్ళో తేనెమంచు పురుగు ఉందంటావా?" అన్నారు.

"లేదు నాన్నా."

"అయితే మందు కొట్టక్కర్లేదు."

"అక్కర్లేదు."

ఆయన "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నారు. ఇంకోసారి అమ్మ వంటింట్లోంచి, "వదినా, అక్కడ మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు కాసేపు నడుం వాల్చొచ్చాండీ?" అంది. "వాల్చకపోతే జరిమానా" అంది అత్త. విజయవాడ నుంచి వచ్చాక నవ్వని అమ్మ ఆ రోజు గిన్నెలు తోముతూ నవ్వింది.

మామ్మకి మాత్రం ఇదంతా నచ్చేది కాదు. "పరలోకం ఉండగా దానికి ఇంకో ఊరెందుకే? వాక్యంలో లేనివి పిల్లలకి చెప్పకు" అంది అత్తతో.

"పరలోకానికి వెళ్తే తిరిగి రారు కదమ్మా. ఇది మైలవరం వెళ్ళొచ్చినట్టు. పని చూసుకుని ఇంటికొచ్చెయ్యొచ్చు."

"అక్కడ ప్రార్థన ఉందా?"

"ఎందుకు లేదు? ఆదివారం ఉంది. ప్రసంగం మాత్రం అరగంటే."

మామ్మ, "ఈ మాట పాస్టరు గారి దగ్గర అనకు" అని ప్రార్థనేదో చేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. ఆవిడ కూడా వింటోందని మాకందరికీ తెలుసు.

చెల్లికి ఒకటే దిగులు. ఆ ఊరు చాలా దూరం. "కాయ నడకకి వారం" అని అత్త మొదట్లోనే చెప్పేసింది. గది తలుపు వారానికి తీస్తారు కనుక అంతే అవ్వాలి, మార్చడానికి వీల్లేదు. ఒక్క మాట తేడా వచ్చినా మేం పట్టేసేవాళ్ళం. "అన్ని రోజులు నేను నడవలేను" అంది చెల్లి తన కాళ్ళ వైపు చూసుకుని.

"నువ్వు నడవడం దేనికి? అవే నీ దగ్గరకొస్తున్నాయి కదా" అని అత్త దాని చేతిలో పండు పెట్టింది. చెల్లి పండుని అటూ ఇటూ నొక్కి మెత్తగా చేసి, తొడిమ దగ్గర కొరికి, చప్పుడు లేకుండా పీల్చింది. ఆ పూట ఇంకేమీ అడగలేదు.

ఆ ఏడాది తోట కొన్న వ్యాపారి మా పెరటి గది కొన్నాళ్ళు వాడుకుంటానన్నాడు. మిగతావాళ్ళకంటే ముందు పండ్లు బజారులో పెట్టాలని ఆయన ఆరాటం. తాతయ్య సరేనన్నారు. గడ్డి తీసేశారు. ప్లాస్టిక్ ట్రేలు కప్పు దాకా పేర్చి, వాటి మధ్య న్యూస్‌పేపరు ముక్కల్లో కట్టిన పొట్లాలు పెట్టారు. పొట్లాల్లో బూడిదరంగు రాళ్ళలాంటి మందు. తలుపు సందులోంచి వెల్లుల్లి వాసన వచ్చేది.

"పళ్ళ గదిలో వెల్లుల్లి కంపేంటయ్యా?" అని మామ్మ వ్యాపారి దగ్గర పనిచేసే మేస్త్రిని అడిగింది.

"కార్బైడండీ అమ్మగారూ. ఇవాళ పెడితే రేపటికి రంగు వచ్చేసుద్ది. మీ గడ్డి వ్యవహారం వారం కదండీ, అంతకాలం ఎవరాగుతారు? పిల్లల్ని మాత్రం ఇటు రానివ్వకండి, ఆ గాలి మంచిది కాదు."

అటు వెళ్ళొద్దని అమ్మ మాకు చెప్పింది. అత్త కూడా చెప్పింది. గది తలుపుకి బయట గడియ ఉంది కాని, మేస్త్రి మనుషులు పొద్దస్తమానం ట్రేలు మోస్తుంటారు కనుక తాళం వేసేవాళ్ళు కాదు.

చెల్లి మాత్రం మేస్త్రి మాటల్లో తనకి కావలసింది తీసుకుంది. ఆ సాయంత్రం నా చెవిలో, "అక్కా, ఆ ఊరు దగ్గరకొచ్చేసింది" అంది.

"ఎలా?"

"కాయలు రేపటికే తిరిగొచ్చేస్తున్నాయి కదా. వెళ్ళడానికీ రావడానికీ కలిపి ఒక్క రోజే అంటే, దగ్గరే. అంత అయితే మధ్యలో కూర్చుంటూ కూర్చుంటూ నేనూ నడవగలను."

నాకూ అది సబబుగానే తోచింది. గడ్డి పోయి మందు వచ్చినందువల్ల దారి దగ్గరైందని మామిడి తోటల్లో పుట్టిన పిల్లలు తప్ప ఇంకెవరు అనుకుంటారు?

మర్నాడు మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. మేస్త్రి మనుషులు లోడు కట్టుకుని విస్సన్నపేట వెళ్ళారు. ఇంట్లో అందరం కునుకు తీస్తున్నాం. అత్తకి మెలకువ వచ్చేసరికి తలగడ పక్కన చెల్లి మందుల డబ్బా ఉందట. అది ఎక్కడ కూర్చున్నా పక్కనే పెట్టుకునే డబ్బా. దాన్ని అత్తకి అప్పజెప్పి వెళ్ళింది. మందులు అక్కర్లేని ఊరు ఒక్కటే. అందుకే అత్తకి వెంటనే అర్థమైంది. ఇంకెవరి తలగడ పక్కన పెట్టినా అర్థమయ్యేది కాదు.

అత్త పరిగెత్తిన చప్పుడుకి నేను లేచాను. చెప్పుల్లేకుండా, ఎవరినీ పిలవకుండా పెరట్లోకి వెళ్తోంది. వెనకే వెళ్ళాను. గది తలుపు లోపల్నుంచి దగ్గరకి లాగి ఉంది. తోసేసరికి వాసన గుప్పుమని నా కళ్ళు మండాయి. ట్రేల మధ్య సందులో చెల్లి పక్కకి తిరిగి పడుకుని ఉంది. క్రిస్మస్‌కి కుట్టించిన గౌను వేసుకుంది. స్కూలు బూట్లు వేసుకుని లేసులు కూడా కట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ అది తనంతట తాను లేసులు కట్టుకోలేదు.

అత్త దాన్ని ఎత్తుకొచ్చి ఇంటి చెట్టు కింద పడుకోబెట్టి నీళ్ళు చల్లింది. చప్పుడుకి లేచొచ్చిన అమ్మ అరుపుకి నాన్నా తాతయ్యా లేచి వచ్చారు. చెల్లి కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. తెరిచి, అత్తని గుర్తుపట్టి, "దగ్గరికొచ్చేశాను. ఎందుకు లాగారు?" అంది. దాని గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు.

నూజివీడు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, కొన్నాళ్ళు ఉంచుకుని పంపించారు. ఆలోగా తాతయ్య గది ఖాళీ చేయించి తలుపు రెక్క ఊడదీయించారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నాన్న, "ఇంక ఆ గది లేదమ్మా, తలుపు తీసేశాం" అని చెబితే, అమ్మ ఒళ్ళో పడుకున్న చెల్లి, "పర్లేదు నాన్నా, కాయల గది అందరిళ్ళలోనూ ఉంది" అందట. ఇంటికి రాగానే అమ్మ ఆ మాట అందరికీ చెప్పింది.

ఆ సాయంత్రం అరుగు మీద పెద్దవాళ్ళంతా కూర్చున్నారు. పాస్టరు గారు కూడా వచ్చారు. ప్రార్థన అయ్యాక ఆయన నెమ్మదిగా, "టీచరు గారూ, మీ మనసు మంచిదే. కాని పిల్ల నమ్మేసింది కదండీ" అన్నారు.

"నమ్మాలనే చెప్పానండీ" అంది అత్త.

తాతయ్య అత్త వైపు తిరిగారు. "ఇవాళ మన గది అయింది. రేపు పక్కింటివాళ్ళది అవుతుంది. ఎంతమంది తలుపులు ఊడదీయించను? నువ్వే చెప్పావు, నువ్వే లేదని చెప్పు."

"దాని దగ్గర ఇంకేం మిగిలింది నాన్నా?"

అమ్మ లేచి వచ్చి అత్త ముందు నిలబడింది. "వదినా, మీకు దణ్ణం పెడతాను. ఉన్నన్నాళ్ళూ అది నా దగ్గర ఉండాలి. ఏ ఊరికీ వెళ్ళకూడదు. లేదని చెప్పండి."

అత్త అమ్మ ముఖంలోకి చూసి, "సరే" అంది.

లోపల మంచం మీద చెల్లి పడుకుని ఉంది. అత్త పక్కన కూర్చుంది. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. తాతయ్య గుమ్మంలో ఉన్నారు. అత్త ముందు, "ఆ ఊరికి దారి మూసేశారమ్మా" అని మొదలుపెట్టింది. "ఎవరు? మళ్ళీ ఎప్పుడు తీస్తారు?" అంది చెల్లి. అత్త గుమ్మం వైపు చూసింది. తాతయ్య అడ్డంగా తల ఊపారు.

"ఊరు లేదమ్మా. నేనే కల్పించి చెప్పాను."

చెల్లి అత్త ముఖం చూస్తూ ఉండిపోయింది. "గొడుగుల డాక్టరు గారు?"

"లేరు."

"మరి కాయలకి రంగు?"

"గడ్డిలో వేడికి వస్తుంది. మందు పెడితే మందుకి వస్తుంది. ఎక్కడికీ వెళ్ళవు. గదిలోనే ఉంటాయి."

"వారం రోజులూ అంత చీకట్లోనే ఉంటాయా?"

చెల్లి ఏడవలేదు. అల్లరి చెయ్యలేదు. దుప్పటి సర్దుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

తర్వాత అది చాలా బుద్ధిగా ఉంది. మందులు అడక్కుండానే వేసుకునేది. చప్పటి ముద్ద పెడితే తినేది. తోటలోకి రమ్మంటే, "నీళ్ళు తాగించడం తప్ప ఏముందక్కా అక్కడ" అనేది. మధ్యాహ్నాలు చాపల మీద పడుకునేవాళ్ళం, ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. చూడవచ్చిన చుట్టాలు, పిల్ల దారిలో పడిందని మెచ్చుకున్నారు. కొన్నాళ్ళు అమ్మ కూడా అలాగే అనుకుంది.

వానలు మొదలయ్యాక చెల్లి మంచం దిగడం మానేసింది. కాళ్ళు వాచాయి. మామ్మ రోజూ దాని పక్కన కూర్చుని పరలోకం గురించి చెప్పేది. అక్కడ నొప్పి లేదని, ఏడుపు లేదని, బంగారు వీధులుంటాయని చెప్పేది. చెల్లి మర్యాదగా అంతా విని ఒకరోజు, "అది కూడా ఎవరైనా కల్పించిందేనా మామ్మా?" అంది. ఎగతాళి కాదు. తెలుసుకోవాలనే అడిగింది. మామ్మ బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుని, దాని అట్ట మీద చెయ్యి రాస్తూ కూర్చుంది. చెప్పడానికి ఆవిడకి ఎన్ని వాక్యాలో నోటికి వచ్చు.

ఆ తర్వాత అమ్మ మొదలుపెట్టింది. లేదని చెప్పమని బతిమాలిన మా అమ్మే. జోరున వాన పడుతున్న ఒక సాయంత్రం చెల్లి తల నిమురుతూ, "మాగిన ఊళ్ళో ఇవాళ వాన లేదంట. గొడుగులన్నీ ఇళ్ళకి వెళ్ళిపోయాయంట" అంది. అమ్మకి కథలు చెప్పడం రాదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "డాక్టరు గారు ఒక్కరే ఉన్నారంట. నువ్వెప్పుడొస్తావని అడిగారంట."

చెల్లి అమ్మ చెయ్యి పట్టుకుంది. "అది లేదు కదమ్మా" అంది. పెద్దవాళ్ళు పిల్లల్ని ఊరుకోబెట్టేటప్పుడు మాట్లాడినట్టు మెత్తగా అంది. "పర్లేదులే. నువ్వు కాసేపు పడుకో."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి అత్తని పట్టుకుంది. "మీరు రండి వదినా. మీరు చెబితే నమ్ముతుంది. ఏదో ఒకటి చెప్పండి."

అత్త వచ్చి కూర్చుంది. "ఆ రోజు ఊరు లేదని నేను అబద్ధం చెప్పానే" అంది. చెల్లి వింది. దాని ముఖంలో ఏమీ మారలేదు. రెండు రకాలుగా చెప్పిన మనిషిని ఎలా చూస్తారో అలా చూసింది, అంతే. అత్త దాని కాళ్ళ మీద దుప్పటి సరిచేసి లేచింది.

చెల్లి ఆ వానాకాలం దాటలేదు.

అత్త ఆ ఏడు నుంచి స్కూల్లో తెలుగు వదిలేసి లెక్కలు మాత్రం చెబుతానని అడిగి మార్పించుకుంది. రిటైరయ్యేదాకా లెక్కలే చెప్పింది. నాకు పాప పుట్టాక ఎత్తుకుని ఆడించింది, పాటలు పాడింది, కథ మాత్రం చెప్పలేదు. మామ్మా తాతయ్యా పోయారు. నల్ల తామర పురుగుకి విసిగిపోయి నాన్న తోటంతా కొట్టించి ఆయిల్ పామ్ వేశారు. ఆ మొక్కలకి చుట్టూ ముళ్ళు, కింద కూర్చోవడానికి ఉండదు, పిల్లలు దొంగిలించడానికి ఏమీ కాయదు. ఆ ఊరి సంగతి తెలిసినవాళ్ళం కొద్దిమందిమి మిగిలాం. కలిసినప్పుడు బీపీ బిళ్ళల గురించీ, గెలల ధర గురించీ మాట్లాడుకుంటాం.

ఆ ఎండాకాలంలో ఎవరిది తప్పో నేను ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. అత్త చెప్పకపోతే చెల్లి ఆ గదిలోకి వెళ్ళేది కాదు. లేదని చెప్పకపోతే మళ్ళీ వెళ్ళేది. చెప్పాక ఉండిపోయింది, కాని ఉన్న ఆ కాస్త కాలం ఖాళీ చేసిన ఇంట్లో ఉన్నట్టు ఉంది. ఇప్పుడు నేనూ ఒక తల్లిని. మా అమ్మ అరుగు మీద నిలబడి అన్న మాటే నేనూ అంటాను. అదే నన్ను భయపెడుతోంది.

నిన్న అమ్మకి ఫోన్ చేసి పాప అడిగింది చెప్పాను. అమ్మ, "ఉందని చెప్పు" అంది. కాసేపాగి, "వద్దు, ఏమీ చెప్పకు" అంది. ఇంకాసేపటికి, "నాకు తెలియదే, నన్నడక్కు" అని ఫోన్ పెట్టేసింది.

ఇంటి చెట్టు కింద చెల్లి కళ్ళు తెరిచిన ఆ మధ్యాహ్నం మేమంతా దాని చుట్టూ ఉన్నాం. తల నొప్పిగా ఉందా అని అడిగాం. వాంతి వచ్చేలా ఉందా అన్నాం. నేనెవరో తెలుస్తోందా అని నాన్న అడిగారు. ఎందుకు వెళ్ళావే, చెప్పినా వినవే అని అమ్మ ఏడ్చింది. చాలా దగ్గరికి వెళ్ళొచ్చానని అది కోపంగా చెబుతోంది, పెదాలు నల్లగా ఉన్నాయి, కళ్ళు ఇంకా ఎటో చూస్తున్నాయి. అక్కడ ఏం కనబడిందే అని మాత్రం మాలో ఒక్కరమూ అడగలేదు.